పొటాషియం 8.6, కాల్షియం 4.3, మనిషి మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. లోపం ఎక్కడ వెతకాలి?

రాత్రిబెంచ్ (ప్రశ్న)

నమస్కారమండీ. ఒక రిపోర్టు విడుదల చెయ్యాలా, ఆపాలా తేలడం లేదు.

వయసు 58, మగ. మోకాలి ఆపరేషన్‌కి ముందు చేసే మామూలు పరీక్షలు. షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు లేవు. పొటాషియం పెంచే మందులేవీ వాడటం లేదు.

సోడియం 140, పొటాషియం 8.6 (చాలా ఎక్కువ), క్లోరైడ్ 102 (మూడూ మిల్లీమోల్/లీటరు). క్రియాటినిన్ 0.9, యూరియా 28, గ్లూకోజ్ 96, కాల్షియం 4.3, ఇది చాలా తక్కువ (నాలుగూ మి.గ్రా./డెసిలీటరు). ఆల్బుమిన్ 4.1 గ్రాములు. బిలిరుబిన్, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ మామూలే. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ మాత్రం 14 యూనిట్లే, బాగా తక్కువ.

సీరమ్ (గడ్డకట్టిన రక్తం నుంచి వేరైన ద్రవం) లేత పసుపుగా ఉంది, ఎర్రకణాలు పగిలాయేమో చెప్పే హీమోలిసిస్ ఇండెక్స్ దాదాపు సున్నా. పొద్దున మెషీన్‌కి చేసిన నాణ్యతా పరీక్ష (క్యూసీ) రెండు లెవెళ్లూ రేంజ్‌లోనే. అదే ట్యూబ్ మళ్లీ పెడితే పొటాషియం 8.5. ఈసీజీ నార్మల్. కండరాల పట్టు, తిమ్మిరి, దడ ఏమీ లేవు. పాత రిపోర్టులు లేవు కాబట్టి వాటితో పోల్చి చూడటం (డెల్టా చెక్) కుదరదు. సీబీసీ (రక్తకణాల లెక్క) పక్క బెంచ్‌లో ఉంది, ఇంకా చూడలేదు.

పొటాషియం తగ్గించడానికి ఇన్సులిన్ డ్రిప్ మొదలుపెట్టాలా అని వార్డు నుంచి అడుగుతున్నారు. ఏమని చెప్పాలి?


పైపెట్

రిపోర్టు ఆపండి. ఇది ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా పర్పుల్ ట్యూబ్‌లో ఉంచే రసాయనం) కలిసిన శాంపిల్.

పొటాషియం, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పర్పుల్ ట్యూబ్‌లో ఉండేది డైపొటాషియం ఈడీటీఏ. దాని పొటాషియం నేరుగా లెక్కలో కలుస్తుంది. ఈడీటీఏ భాగం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పనిచెయ్యాలంటే జింక్, మెగ్నీషియం కావాలి, వాటినీ లాగేస్తుంది కాబట్టి ఎంజైమ్ ఉన్నా పని చెయ్యదు, రీడింగ్ పడిపోతుంది. సోడియం, క్రియాటినిన్, లివర్ ఎంజైమ్‌లు పెద్దగా కదలవు. ఒకే మనిషిలో ఒకే రోజు ఈ మూడూ ఇంత తేడాగా ఉండి, కిడ్నీ, లివర్ శుభ్రంగా ఉండే జబ్బేదీ నాకు తట్టడం లేదు.

అదే ట్యూబ్ మళ్లీ పెట్టడం వల్ల మెషీన్ నిలకడగా ఉందని మాత్రమే తెలిసింది. తప్పు ట్యూబ్‌లోనే ఉంటే వందసార్లు పెట్టినా అదే అంకె వస్తుంది.

హీమోలిసిస్ కాదని చెప్పడానికి ఇండెక్స్ చాలు. సీరమ్‌లో డెసిలీటరుకి 100 మి.గ్రా. హీమోగ్లోబిన్ విడుదలైతే పొటాషియం సుమారు 0.3 పెరుగుతుంది. నాలుగు మిల్లీమోల్ పెరగాలంటే సీరమ్ ఎర్రగా కనబడి తీరాలి. రక్తం గంటల తరబడి వేరు చెయ్యకుండా వదిలేసినా, ఫ్రిజ్‌లో పెట్టినా కణాల్లోంచి పొటాషియం బయటికి కారుతుంది, అప్పుడు ఎరుపు ఉండదు. కానీ మామూలు గది వేడిలో ఆలస్యమైతే గ్లూకోజ్ గంటకి 5 నుంచి 7 శాతం పడిపోతుంది. మీకు 96 ఉంది, అంటే శాంపిల్ పెద్దగా నిలవ లేదు. ఫ్రిజ్‌లో పెడితే ఈ గుర్తు పనిచెయ్యదు, చలికి గ్లూకోజ్ వాడకం కూడా మందగిస్తుంది. ట్యూబ్ ఎలా వచ్చిందో అడిగి తెలుసుకోండి.

కలవడానికి దారులు మూడు. సిరంజితో తీసి ముందు పర్పుల్ నింపి, అదే సూదితో రెడ్ టాప్ (రక్తాన్ని గడ్డకట్టనిచ్చి సీరమ్ తీసే ట్యూబ్) నింపడం. రెడ్ టాప్‌లో రక్తం చాలలేదని పర్పుల్ మూత తీసి కొంత అందులోకి ఒంచడం. ల్యాబ్‌లోనే సీరమ్ కప్పులోకి పొరపాటున పర్పుల్ ట్యూబ్ ప్లాస్మా (గడ్డకట్టని రక్తంలోని ద్రవం) వెయ్యడం. ఈ మూడోదాన్ని ఎవరూ అనుమానించరు, ముందు దాన్నే చూడండి. అసలు ట్యూబ్ నుంచి నేరుగా మళ్లీ ఒకసారి పెడితే తేలిపోతుంది.


లెక్కలపంతులు

పైపెట్ గారు చెప్పింది సగం నిజమే అనిపిస్తోంది. ఈడీటీఏ కలిసింది, అందులో సందేహం లేదు. కానీ ఈడీటీఏ ఒక్కటే అయితే అంకెలు సరిపోవడం లేదు.

డైపొటాషియం ఈడీటీఏ అణువు ఒక్కోదానికి పొటాషియం రెండు. ఒక్కో ఈడీటీఏ ఒక్కో కాల్షియాన్ని పట్టుకుంటుంది. అంటే పొటాషియం 2 మిల్లీమోల్ పెరిగితే కాల్షియం 1 మిల్లీమోల్, అంటే 4 మి.గ్రా./డెసిలీటరు పడాలి. మెగ్నీషియం కన్నా ఈడీటీఏకి కాల్షియం మీదే మక్కువ ఎక్కువ, జింక్‌ని ఇంకా గట్టిగా పట్టుకున్నా రక్తంలో అది చాలా తక్కువ, కాబట్టి మొదటి అంచనాకి ఈ లెక్క చాలు.

ఆల్బుమిన్ 4.1 ఉన్న మనిషికి కాల్షియం 9.2 ప్రాంతంలో ఉండాలి. 4.3 వచ్చింది. తగ్గింది 4.9 మి.గ్రా., అంటే 1.2 మిల్లీమోల్ పైచిలుకు. దానికి జోడీగా పెరగాల్సిన పొటాషియం సుమారు 2.45. 8.6 లోంచి అది తీసేస్తే మిగిలేది 6.1.

ఆ 6.1 ఎక్కడిది? పొటాషియం నిజంగా 4.4 ఉండి మొత్తం ఈడీటీఏ వల్లే 8.6 అయ్యుంటే, పెరిగింది 4.2, కాల్షియం 8.4 మి.గ్రా. పడాలి. అప్పుడు కాల్షియం ఒకటికి లోపే కనబడాలి. మీకు 4.3 ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈడీటీఏ ఉన్నప్పుడు కాల్షియం ఎంత తక్కువగా కనబడుతుందన్నది కిట్ పద్ధతిని బట్టి మారుతుంది. కొన్ని పద్ధతుల్లో పూర్తిగా పడదు. అందుకని ఈ తేడాని రుజువు అనను, అనుమానం అంటాను. కానీ "ఈడీటీఏ కలిసింది, పొటాషియం మామూలే అయ్యుంటుంది" అని ఫోన్లో చెప్పెయ్యకండి. అసలు పొటాషియం 6 దగ్గర ఉండే అవకాశం ఉందనే అనుకుని కొత్త శాంపిల్ తెప్పించండి.

ఇంకో విషయం. ట్యూబ్‌లో ఈడీటీఏ రక్తం మిల్లీలీటరుకి 1.8 మి.గ్రా. చొప్పున ఉంటుంది. అణుభారం 404.5. అంటే లీటరు రక్తంలో 4.45 మిల్లీమోల్. అది కణాల్లోకి పోదు, ప్లాస్మాలోనే ఉంటుంది కాబట్టి ప్లాస్మాలో సుమారు 8 మిల్లీమోల్, దానితో పాటు పొటాషియం 16. మీ శాంపిల్‌లో 1.2 ఉందంటే దాదాపు 15 శాతం పర్పుల్ రక్తం కలిసింది. 5 మి.లీ. రెడ్ టాప్‌లో ముప్పావు మి.లీ. సూది మొనకి అంటుకుని వచ్చేది ఇంత ఉండదు. ఎవరో ఒంచారు, లేదా కప్పులో కలిసింది.


వార్డురౌండ్

ల్యాబ్ లెక్కలు బాగున్నాయి. మంచం పక్కన ఉన్నవాళ్ల కోసం నాలుగు మాటలు.

ఈసీజీ నార్మల్ అన్నది ధైర్యం ఇస్తుంది గానీ, పొటాషియం మామూలేనని హామీ ఇవ్వదు. నిజంగా 7 దాటినవాళ్లలోనూ కొందరికి ఈసీజీ చెక్కుచెదరదు. అదే ఈసీజీలో టీ వేవ్ మొనదేలి ఉన్నా, పీ వేవ్ కనబడకపోయినా, క్యూఆర్ఎస్ వెడల్పయినా కొత్త శాంపిల్ కోసం ఆగకూడదు, అప్పుడు కాల్షియం గ్లూకోనేట్‌తో చికిత్స మొదలుపెట్టాల్సిందే. ఈ మనిషికి అవేవీ లేవు. పైగా కాల్షియం నిజంగా 4.3 అయ్యుంటే క్యూటీ సాగి ఉండాలి, చేతివేళ్లు కొంకర్లు పోతుండాలి.

ఇన్సులిన్ ఎందుకు వద్దంటే, మామూలుగా ఇచ్చేది 10 యూనిట్లు, 25 గ్రాముల గ్లూకోజ్‌తో. అసలు పొటాషియం 4.5 ఉన్న మనిషికి అది ఇస్తే పొటాషియం 4 కిందికి పోతుంది, తర్వాత షుగర్ పడిపోయే ప్రమాదమూ ఉంది. లేని జబ్బుకి మందిచ్చి ఉన్న జబ్బు తెచ్చినట్టవుతుంది.

మానిటర్ తగిలించండి, కొత్త శాంపిల్ పావుగంటలో ల్యాబ్‌కి చేర్చండి. బ్లడ్ గ్యాస్ మెషీన్ దగ్గరలో ఉంటే హెపారిన్ (రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఇంకో మందు) ఉన్న సిరంజిలో తీసి రెండు నిమిషాల్లో పొటాషియం, అయనైజ్డ్ కాల్షియం చూసుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ మెషీన్ పూర్తి రక్తాన్ని చూస్తుంది, హీమోలిసిస్ ఉంటే దానికి కనబడదు. సిరంజిలో మీరే ద్రవ హెపారిన్ పోసుకుంటే అది కాల్షియాన్ని కొంత పట్టేస్తుంది, రక్తాన్ని పల్చన చేస్తుంది. పొడి హెపారిన్‌తో వచ్చే సిరంజి వాడండి.


రాత్రిబెంచ్

అందరికీ ధన్యవాదాలు. కనుక్కున్నవి ఇవి.

కప్పులో తప్పు లేదు, అసలు ట్యూబ్ నుంచి పెట్టినా 8.6. వార్డులో 10 మి.లీ. సిరంజితో తీశారు, ముందు పర్పుల్ నింపారు. రెడ్ టాప్‌కి తక్కువైతే పర్పుల్ నుంచి "కొంచెం" పోశారట. ఫ్రిజ్‌లో పెట్టలేదు. ల్యాబ్‌లో ట్యూబ్‌ని సెంట్రిఫ్యూజ్ చేసినప్పుడు గడ్డ జావగా ఉందని టెక్నీషియన్ రాసి పెట్టారు, అప్పుడు ఎవరం పట్టించుకోలేదు.

సీబీసీ: హీమోగ్లోబిన్ 13.2, తెల్లకణాలు 9,800, ప్లేట్‌లెట్లు 11,20,000.

కొత్త శాంపిల్ ఎలా తీయమంటారు?


లెక్కలపంతులు

ప్లేట్‌లెట్లు 11 లక్షలు! మిగిలిన 6.1కి సమాధానం బహుశా అక్కడే ఉంది.

రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమలోని పొటాషియాన్ని వదిలేస్తాయి. మామూలు లెక్కలో ఉన్నవాళ్లకి కూడా సీరమ్ పొటాషియం ప్లాస్మా కన్నా 0.1 నుంచి 0.4 ఎక్కువగా ఉండేది అందుకే. ప్లేట్‌లెట్లు మామూలు కన్నా పెరిగే ప్రతి లక్షకీ సీరమ్‌లో 0.1 నుంచి 0.15 అదనం అని మోటు లెక్క. ఎనిమిది లక్షలు ఎక్కువున్నాయి కాబట్టి 0.8 నుంచి 1.2, మామూలు తేడా మీద. ఈ లెక్క మనిషి మనిషికీ మారుతుంది, అందుకే దీంతో సీరమ్ అంకెని సవరించి రిపోర్టు ఇవ్వడం మాత్రం చెయ్యొద్దు. ప్లాస్మా కొలవడమే దారి.

తీసే పద్ధతి. టూర్నికెట్ నిమిషం లోపు, నరం దొరికాక వదిలెయ్యాలి. పిడికిలి బిగించి విప్పమని చెప్పొద్దు, చేతి కండరాల్లోంచే పొటాషియం వచ్చి 1 మిల్లీమోల్ దాకా, ఒక్కోసారి అంతకు మించి పెరుగుతుంది. సెలైన్ ఎక్కుతున్న చెయ్యి కాకుండా రెండో చెయ్యి. సిరంజి కాకుండా వాక్యూమ్ ట్యూబ్ హోల్డర్ ఉంటే మేలు. ఒకే సూది పోటుకి రెడ్ టాప్ ముందు, తర్వాత లిథియం హెపారిన్ ఉన్న గ్రీన్ టాప్. ఈసారి పర్పుల్ అసలే వద్దు. రెండు ట్యూబ్‌ల మీదా తీసిన టైమ్ రాయించండి.

గ్రీన్ టాప్‌ని 8 నుంచి 10 సార్లు నెమ్మదిగా తలకిందులు చెయ్యాలి, ఊపకూడదు. సరిగా కలపకపోతే చిన్న గడ్డలు కడతాయి, అప్పుడది ప్లాస్మా కాదు, సగం సీరమ్. రెండిటినీ చేత్తో మోసుకురండి, ఐస్‌లో పెట్టొద్దు. రెడ్ టాప్ అరగంట నిలబెట్టి గడ్డకట్టనిచ్చి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. గ్రీన్ టాప్ వచ్చిన వెంటనే తిప్పండి. తిప్పాక ప్లాస్మాని పైనుంచి తీసుకోండి, ప్లాస్మాకీ ఎర్రకణాలకీ మధ్య ఉండే తెల్లటి పొర జోలికి పోవద్దు. ప్లేట్‌లెట్లు అంత ఎక్కువున్న రక్తంలో తక్కువ వేగంతో తిప్పితే ప్లాస్మాలో ఇంకా లక్షలు తేలుతూ ఉంటాయి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పరీక్షిస్తే అవి పగిలి మళ్లీ కొత్త గందరగోళం.

రెండూ ఒకే మెషీన్ మీద, ఒకదాని వెంట ఒకటి. సీరమ్ అంకె ప్లాస్మా కన్నా 0.4కి మించి ఎక్కువుంటే అది అబద్ధపు పొటాషియం. రెండూ సమానంగా ఎక్కువుంటే నిజమైన పొటాషియమే అనుకుని వార్డుకి అప్పటికప్పుడు ఫోన్ చెయ్యండి.


స్మియర్

మధ్యలో దూరుతున్నాను. 11 లక్షలన్నది నిజమో కాదో ముందు స్లైడ్ మీద చూడండి. ఎర్రకణాలు మరీ చిన్నవైపోయినా, ముక్కలైనా కౌంటర్ వాటిని ప్లేట్‌లెట్ల ఖాతాలో వేస్తుంది. నూరు రెట్ల ఆయిల్ లెన్స్ కింద కణాలు విడివిడిగా పరుచుకున్న చోట పది ఫీల్డులు లెక్కపెట్టి సగటు తీసి, 15,000 నుంచి 20,000తో గుణించండి. 11 లక్షలు నిజమైతే ఫీల్డుకి 55 నుంచి 75 దాకా కనబడాలి. వాటిలో కొన్ని ఎర్రకణమంత పెద్దవి ఉంటే రాసి పెట్టండి, తర్వాత పనికొస్తుంది.

పర్పుల్ ట్యూబ్ ఇంకో రకంగానూ మోసం చేస్తుంది, దీనికి తలకిందులుగా. కొందరి రక్తంలో ఈడీటీఏ సమక్షంలో ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి కౌంట్ 20 వేలకి పడిపోతుంది, మనిషికి మాత్రం ఒక్క నెత్తురు మచ్చ ఉండదు. స్లైడ్ అంచున గుంపులు కనబడతాయి. సిట్రేట్ ట్యూబ్‌లో తీసి, వచ్చిన కౌంట్‌ని 1.1తో గుణిస్తే అసలు సంఖ్య. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు గానీ, వెతికేవాళ్లకి పనికొస్తుందని.


రాత్రిబెంచ్

జంట శాంపిల్ వచ్చింది. సీరమ్ పొటాషియం 6.2, హెపారిన్ ప్లాస్మా 4.6. కాల్షియం 9.2, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 81. రెండిటిలోనూ హీమోలిసిస్ లేదు. స్లైడ్ మీద ఫీల్డుకి సగటున 62 ప్లేట్‌లెట్లు, కొన్ని బాగా పెద్దవి. వార్డుకి 4.6 అని చెప్పాం, ఇన్సులిన్ మాట ఆగిపోయింది.

అంటే రెండు తప్పులు ఒకే ట్యూబ్‌లో. లెక్కలపంతులు గారూ, మొదటి శాంపిల్ అంకెతో ఇది సరిపోతుందా?


లెక్కలపంతులు

సరిపోతుంది. 6.2కి ఈడీటీఏ వాటా 2.45 కలిపితే 8.65, మీకు వచ్చింది 8.6. మీ కిట్‌లో కాల్షియం లెక్క ప్రకారమే పడిందని కూడా దీన్నిబట్టి తెలుస్తోంది.

పైపెట్ గారి సమాధానంతోనే ఆగి, ఈసారి ఒక్క రెడ్ టాప్ మాత్రమే తీసి ఉంటే ఏమయ్యేది? కాల్షియం బాగుంది, ఎంజైమ్ బాగుంది, కాబట్టి ఈ 6.2 నిజమని నమ్మి ఆపరేషన్ వాయిదా వేసి, పొటాషియం తగ్గించే మందులు రాసేవాళ్లు. ఒక కారణం దొరికిందంటే అది మొత్తం తేడాని మోస్తోందా, కొంతే మోస్తోందా అన్నది చూడాలి.

చిన్న మోతాదులో కలిసినప్పుడు ఇంకా కష్టం. మీ మెషీన్ మీద ఒకసారి ఇలా చేసి పెట్టుకోండి: పరీక్షలయ్యాక మిగిలిన మంచి సీరమ్‌లు కలిపి, అందులో ఈడీటీఏ ప్లాస్మాని 1, 2.5, 5, 10 శాతం చొప్పున వేసి పొటాషియం, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొలవండి. లెక్క ప్రకారం 2.5 శాతానికి పొటాషియం 0.4 పెరిగి కాల్షియం 0.8 పడాలి, 5 శాతానికి పొటాషియం 0.8, కాల్షియం 1.6. ఈ 2.5, 5 శాతాల దగ్గరే ప్రమాదం. అసలు పొటాషియం 2.9 ఉన్న మనిషికి 3.7 అని రిపోర్టు పోతుంది. ఎక్కువ పొటాషియాన్ని ప్రతివాళ్లూ అనుమానిస్తారు, మామూలుగా కనబడే పొటాషియాన్ని ఎవరు అనుమానిస్తారు? కారణం లేకుండా కాల్షియం తక్కువొచ్చిన ప్రతి శాంపిల్‌లోనూ పక్కనున్న పొటాషియం వైపు ఒక చూపు వెయ్యండి. ఈడీటీఏని నేరుగా కొలిచే రీయేజెంట్లు కూడా ఉన్నాయి, పెద్ద ల్యాబ్‌లకి అవే సుఖం.


పైపెట్

ఒప్పుకుంటాను, లెక్క బాగా తగిలింది.

ట్యూబ్‌ల వరుస గురించి రాయలేదు కాబట్టి ఇప్పుడు: బ్లడ్ కల్చర్ బాటిళ్లు, తర్వాత సిట్రేట్ ఉన్న బ్లూ, తర్వాత రెడ్ లేదా పసుపు, గ్రీన్, పర్పుల్, చివర గ్రే. గ్రే టాప్ కలిస్తే బొమ్మ వేరేగా ఉంటుంది. పొటాషియం ఆక్సలేట్, సోడియం ఫ్లోరైడ్ ఉన్న రకమైతే పొటాషియం, సోడియం రెండూ పెరిగి కాల్షియం పడుతుంది. సోడియం ఈడీటీఏతో వచ్చే గ్రే టాప్‌లూ ఉన్నాయి, వాటితో కాల్షియం పడుతుంది గానీ పొటాషియం పెరగదు. అందుకే మీ దగ్గర ఏ కంపెనీ ట్యూబ్‌లో ఏ ఉప్పు ఉందో లేబుల్ చదివి గోడకి అంటించుకోవడం మంచిది.

వాక్యూమ్ హోల్డర్‌తో సరిగా తీస్తే వరుస తప్పినా పెద్దగా కలవదు. ఎక్కువగా దెబ్బతీసేది సిరంజి, తెరిచిన మూత.

ఇంకో సలహా, అన్ని ఎలక్ట్రోలైట్లకీ హెపారిన్ ప్లాస్మాకే మారిపోవడం నయం. గడ్డకట్టే అరగంట మిగులుతుంది, ప్లేట్‌లెట్ల గొడవ ఉండదు.


స్మియర్

అందరికీ ప్లాస్మా అంటే ఒప్పుకోలేను. ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఫైబ్రినోజన్ ఒక పట్టీలా కనబడి మైలోమా అనిపిస్తుంది, దానికి సీరమే కావాలి. లిథియం మందు వాడేవాళ్ల లెవెల్ లిథియం హెపారిన్ ట్యూబ్‌లో పంపితే, మందు ఒక్క మాత్ర వేసుకోకపోయినా విషమెక్కినంత అంకె వస్తుంది.

అంతకన్నా ముఖ్యం, తెల్లకణాలు లక్ష దాటిన లుకేమియాలో, మరీ ముఖ్యంగా దీర్ఘకాలపు లింఫోసైటిక్ లుకేమియాలో, వ్యవహారం తిరగబడుతుంది. ఆ కణాలు పెళుసు. గొట్టాల్లో గాలితో పంపే వ్యవస్థలో ట్యూబ్ కుదుపులకి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేటప్పుడు పగిలిపోతాయి. సీరమ్‌లో గడ్డ వాటిని కొంత పట్టి ఉంచుతుంది, హెపారిన్‌లో ఆ ఆసరా లేదు. అక్కడ ప్లాస్మా పొటాషియం 7, సీరమ్ 4.5 రావచ్చు. అలాంటివాళ్లకి రక్తాన్ని చేత్తో మోసుకొచ్చి, తిప్పకుండా, బ్లడ్ గ్యాస్ మెషీన్ మీద వెంటనే చూడటమే నమ్మకం. కాబట్టి సీరమ్, ప్లాస్మా తేడా చూసే ప్రతిసారీ సీబీసీ పక్కన ఉండాలి. ప్లేట్‌లెట్లు ఎక్కువైతే ప్లాస్మాని నమ్మండి, తెల్లకణాలు మరీ ఎక్కువైతే దేన్నీ గుడ్డిగా నమ్మకండి.

సీబీసీ మామూలుగా ఉండి, దూరం నుంచి వచ్చిన శాంపిల్స్‌లో మాత్రమే పొటాషియం ఎక్కువొస్తూ, ఇంట్లో ఇంకొకరికీ అలాగే ఉంటే, చలికి ఎర్రకణాల పొర కారే వంశపారంపర్య లక్షణం గుర్తుకు రావాలి. ఏబీసీబీ6 జన్యువులో మార్పులు దానికి ఒక కారణం. ఆరోగ్యానికి హాని లేదు. వెంటనే వేరు చేసిన శాంపిల్, ఆరు గంటలు గది వేడిలో ఉంచిన శాంపిల్ పోల్చితే తెలుస్తుంది.


కొత్తబెంచ్

చదువుతుంటే ఒక ప్రశ్న. హార్మోన్ పరీక్షల్లోనూ ఇలాగే మనిషికీ రిపోర్టుకీ పొంతన లేనప్పుడు, ఉదాహరణకి థైరాయిడ్ పరీక్షల్లో టీఎస్‌హెచ్ అట్టడుగున, ఫ్రీ టీ4 బాగా ఎక్కువ, మనిషి మాత్రం మామూలుగా ఉంటే ఎలా వెతకాలి?


పైపెట్

ముందు బయోటిన్ (ఒక బి విటమిన్) వాడుతున్నారా అని అడగండి. జుట్టు, గోళ్ల కోసమని వాడే మాత్రల్లో 5 నుంచి 10 మి.గ్రా. ఉంటుంది, మందు అని ఎవరూ చెప్పరు. "విటమిన్లేమైనా వాడుతున్నారా" అని విడిగా అడగాలి. స్ట్రెప్టావిడిన్, బయోటిన్ జంట మీద నడిచే కిట్లలో టీఎస్‌హెచ్ లాంటి శాండ్‌విచ్ పరీక్షలు (హార్మోన్‌ని రెండు యాంటీబాడీల మధ్య పట్టేవి) తక్కువగా, ఫ్రీ టీ4 లాంటి పోటీ పరీక్షలు (హార్మోన్ గుర్తుపెట్టిన నకలుతో పోటీపడేవి) ఎక్కువగా చూపిస్తాయి. రెండూ కలిస్తే అచ్చం థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బులా ఉంటుంది. రెండు రోజులు ఆపి మళ్లీ తీయండి, మోతాదు వందల మిల్లీగ్రాముల్లో ఉంటే ఇంకా ఎక్కువ రోజులు. కిట్ కాగితంలో ఎంత బయోటిన్ దాకా తట్టుకుంటుందో రాసి ఉంటుంది, చదవండి.

అది కాదంటే శాంపిల్‌ని 1కి 2, 1కి 4, 1కి 8 పల్చన చేసి చూడండి. గుణించి వెనక్కి తెచ్చినప్పుడు ఒకే అంకె రాకపోతే ఏదో అడ్డుపడుతోంది. ఇంకో కంపెనీ మెషీన్ మీద చేయించడం, కొందరి రక్తంలో ఉండి పరీక్షకి అడ్డుపడే హెటిరోఫిల్ యాంటీబాడీని అడ్డుకునే ట్యూబ్‌లో పోసి మళ్లీ కొలవడం తర్వాతి మెట్లు. ప్రోలాక్టిన్ ఎక్కువొచ్చి లక్షణాలేమీ లేనివాళ్లకి 25 శాతం పీఈజీ (పెద్ద ప్రోటీన్లని అడుక్కి దింపే పాలిఇథిలీన్ గ్లైకాల్) ద్రావణం సమంగా కలిపి, తిప్పి, పైన తేలినదాన్ని కొలవండి. 40 శాతం కన్నా తక్కువ మిగిలితే చాలావరకు అది మాక్రోప్రోలాక్టిన్, అంటే యాంటీబాడీకి అంటుకుని పెద్దదైన, పని చెయ్యని ప్రోలాక్టిన్. ఫ్రీ హార్మోన్లకి మాత్రం పల్చన చేసే పరీక్ష పెట్టొద్దు, బంధం తప్పి అంకెకి అర్థం ఉండదు.


వార్డురౌండ్

అసలు రోగిని మర్చిపోకుండా ఒక మాట. పొటాషియం తేలింది గానీ ప్లేట్‌లెట్లు 11 లక్షలు నిజంగానే ఉన్నాయి కదా. ఇనుము లోపం, ఎక్కడైనా ఇన్ఫెక్షన్ లేదా వాపు, ఈమధ్య ఆపరేషన్, ప్లీహం తీసేసి ఉండటం — ముందు వీటిని చూడాలి: ఫెరిటిన్, సీఆర్‌పీ, పొట్ట స్కాన్. ఇవేవీ లేకుండా నాలుగున్నర లక్షల పైన నిలిచిపోతే జేఏకే2, సీఏఎల్ఆర్, ఎంపీఎల్ జన్యు పరీక్షలకి హెమటాలజిస్ట్ దగ్గరికి పంపాలి. 10 లక్షలు దాటినప్పుడు రక్తం గడ్డకట్టడమే కాదు, కొందరిలో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ తరిగిపోయి రక్తస్రావమూ అవుతుంది. ఆస్పిరిన్ మొదలుపెట్టే ముందు, కత్తి పెట్టే ముందు అది చూసుకోవాలి. మోకాలి ఆపరేషన్ ఆగాల్సింది పొటాషియం కోసం కాదు, దీని కోసం.


రాత్రిబెంచ్

హెమటాలజీకి కబురు వెళ్లింది, ఆపరేషన్ వాయిదా వేశారు. రిపోర్టులో ఏం రాయాలో చెప్తే ముగిస్తాను. మొదటి శాంపిల్ అంకెలు చూపించాలా, తీసెయ్యాలా?


లెక్కలపంతులు

మొదటి శాంపిల్‌లో పొటాషియం, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అంకెల బదులు "ఈడీటీఏ కలిసిన శాంపిల్, ఫలితం చెల్లదు" అని పెట్టండి. పల్చన కాలేదు కాబట్టి క్రియాటినిన్ లాంటివి చెడి ఉండకపోవచ్చు, అయినా ఆ ట్యూబ్ నుంచి ఒక్క అంకె కూడా బయటికి ఇవ్వను నేనైతే. అసలు అంకెలు ల్యాబ్ రికార్డులో మాత్రం ఉంచండి, చెరపొద్దు.

రెండో శాంపిల్‌లో ప్లాస్మా 4.6 నే ఫలితంగా ఇచ్చి, కింద ఇలా: "సీరమ్ పొటాషియం 6.2, ప్లాస్మా 4.6. ప్లేట్‌లెట్లు 11,20,000 ఉన్నందువల్ల గడ్డకట్టేటప్పుడు ట్యూబ్‌లో విడుదలైన పొటాషియం. ఇకపై ఈ రోగికి పొటాషియం పరీక్ష లిథియం హెపారిన్ ట్యూబ్‌లోనే పంపాలి." కంప్యూటర్‌లో రోగి పేరు మీద ఈ గుర్తు పెట్టించండి. లేకపోతే వచ్చే నెల ఇంకో వార్డు, ఇంకో రెడ్ టాప్, మళ్లీ 6.2 అని అర్ధరాత్రి ఫోన్.